తీసేసిన సొట్ట

అమ్మ తలుపు తీసుకెళ్ళి తలుపు వేసుకుంది.

మొదటి తలుపు నాన్న కడుతున్న కారుది. రెండోది బాత్‌రూముది. మా ఇంట్లో బాత్‌రూము ఒక్కటే కాబట్టి, పొద్దుట్నుంచీ ఈ కష్టం ఇంటిల్లిపాదికీ సమానంగా అందుతోంది.

"నాడీన్! ఇదిగో మరదలా!" ఓపల్ అత్త తలుపు మీద వేళ్ళతో కొట్టింది. "నీ బాధ నాకు తెలుసు. నా బాధ కూడా కాస్త తెలుసుకో. కాఫీ తాగి వచ్చాను."

తలుపు పిడి తిప్పి చూసింది.

ఓపల్ అత్త నాన్నకి అక్క. మా పెరట్లో చక్రాలమీద నిలబడ్డ రేకు ఇంట్లో ఉంటుంది. ఆ ఇంటికీ ఒకప్పుడు బాత్‌రూము, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉండేవి. పోయిన చలికాలం నాన్న ఆ ట్యాంకు వంపు చూసి కాసేపు అలా నిలబడిపోయాడు. మర్నాటికి అది కారు వెనకభాగం అయిపోయింది. అప్పట్నుంచీ అత్త తువ్వాలు భుజాన వేసుకుని మా ఇంటికే వస్తుంది.

"ఏడుస్తోందంటావా?" అత్త నన్నడిగింది.

"వినపడట్లేదు."

"అదే నా భయం. ఏడ్చే మనిషి ముక్కు చీదుకోడానికైనా బయటికొస్తుంది."

"చీదుకునే కాగితం లోపలే ఉంది కదత్తా."

అత్త నావైపు అదోలా చూసింది. "నువ్వు ఎవరి పక్షమే మెర్లా?"

"నేను బాత్‌రూము పక్షం."

నాన్న నడవాలో నేలమీద కూర్చుని ఉన్నాడు. గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని. ఎడమచేతికి తెల్లని నూలు తొడుగు అలాగే ఉంది. రేకు మీద ఎత్తుపల్లాలు కంటికి దొరకవు. నూలు తొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని, అరచేత్తో రాస్తే దొరుకుతాయి. నాన్న ముప్పై ఏళ్ళుగా ఆ తొడుగుతోనే బతుకుతున్నాడు. మా ఊరు ఆయిల్‌డేల్‌లో ఎవరి కారుకి దెబ్బ తగిలినా నాన్న దగ్గరికే వస్తారు. సొట్ట ఎక్కడుందో చూపించక్కర్లేదు. నాన్న కళ్ళు మూసుకుంటే చాలు.

"నేనేం చేశాను అక్కా?" అన్నాడు నాన్న.

ఇది పొద్దుట్నుంచీ అడుగుతున్న ప్రశ్నే. గొంతులో కోపం లేదు, దిగులు లేదు. టైము ఎంతైందని అడిగినట్టు అడుగుతున్నాడు.

పొద్దున జరిగింది ఇది. అమ్మ పెనంమీద రొట్టెలు కాలుస్తోంది. నాన్న గ్యారేజీలోంచి ఆ తలుపుని రెండు చేతులమీదా పట్టుకుని వచ్చాడు. పుట్టిన బిడ్డని ఆస్పత్రి గదిలోంచి తెచ్చే నర్సు కూడా అంత జాగ్రత్తగా నడవదు. వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి, దానిమీద పడుకోబెట్టాడు.

"నాడీన్, చూడు," అన్నాడు.

అది మా అన్నయ్య వేడ్ నడిపిన పాత నీలం పికప్ బండి తలుపు. కిటికీ ఉండే పైభాగం కోసేసి, అంచులు మడిచి, కారుకి సరిపడేలా పొట్టిది చేశాడు. ఎండకి వెలిసిన నీలం రంగు, మధ్యమధ్య తుప్పు మరకలు, అన్నీ అలాగే ఉన్నాయి.

అమ్మ చేతులు తుడుచుకుని వచ్చింది. అరచెయ్యి తలుపు మీద పెట్టింది. చెయ్యి పక్కకి జరిపింది. కిందికి జరిపింది. మళ్ళీ పైకి. చీకట్లో స్విచ్చు కోసం వెతికినట్టు వెతికింది. తలుపు తిరగేసి చూసింది. వంగి బల్ల కింద కూడా చూసింది.

"సొట్ట ఏది?"

"తీసేశాను," అన్నాడు నాన్న, పొగుడుతుందేమోనని కాస్త సిగ్గుపడుతూ.

"ఎక్కడ పెట్టావ్?"

నాన్న నవ్వబోయి ఆగాడు. "సొట్టని ఎక్కడ పెడతారే?"

అమ్మ పొయ్యి ఆర్పింది. తలుపుని గుండెకి హత్తుకుని లేపింది. నడవాలోకి నడిచింది. ఆ తర్వాత గడియ చప్పుడు.

రొట్టెలు ఒకవైపే కాలి ఉన్నాయి. నేను కాలినవైపు తిన్నాను. 

వేడ్ అన్నయ్య పోయి ఏడాది దాటింది. చమురు బావుల దగ్గర పనిలో ఉండగా, నీళ్ళ సీసా మూత తిప్పుతూ తిప్పుతూ కూలబడిపోయాడు. పుట్టుకతోనే గుండెలో ఏదో తేడా ఉందట. ఇరవైమూడేళ్ళపాటు ఆ గుండె ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. మా ఇంట్లో అందరమూ అంతే.

ఎవరమూ పెద్దగా ఏడవలేదు. చర్చి ఆడవాళ్ళు వండి తెచ్చిన గిన్నెలు ఖాళీ చేయడంలో మునిగిపోయాం. అవి అయిపోయేసరికి ఏడుపు టైము దాటిపోయినట్టనిపించింది.

నేను ఊరుకోలేక పాత అల్లరి మొదలుపెట్టాను. నాన్న కాఫీలో పంచదార బదులు ఉప్పు కలిపాను. నాన్న ఆసాంతం తాగి, కప్పు కడిగి బోర్లించాడు. అమ్మ చెప్పుల్ని జిగురుతో నేలకి అంటించాను. అమ్మ వాటిలోంచి కాళ్ళు తీసుకుని, చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళిపోయింది. ఆ చెప్పులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అమ్మ వాటి చుట్టూనే ఊడుస్తోంది.

నాన్న మాత్రం కారు మొదలుపెట్టాడు. అది అన్నయ్యా తనూ కలిసి అనుకున్నది. ఎప్పుడో తాతల కాలం నాటి ఫోర్డు ఆకారం, దానికి మించిన ఇంజను. దాన్ని ఎండిపోయిన సరస్సు మైదానంలో దుమ్ము లేచేలా పరిగెత్తించాలి. ఆ కాలం నాటి అసలు బాడీ ఎక్కడా దొరకదు. దొరికినా కొనడం మావల్ల కాదు. అందుకని నాన్న దొరికిన రేకల్లా తెచ్చి కట్టడం మొదలుపెట్టాడు. పాత స్కూలు బస్సు పైకప్పు ముందుభాగం అయింది. ధాన్యం గాదె రేకు పక్కలైంది. మా వాషింగ్ మెషిన్ మూత కారు అడుగున ఎక్కడో ఉంది. అమ్మ అడగలేదు, తడి బట్టలు ఎగిరి పడకుండా మెషిన్ మీద కూర్చుని ఉతుకుతోంది. మా వీధిలోవాళ్ళు నాన్న నడిచి వస్తుంటే ఉత్తరాల డబ్బాల్ని ఊడబెరికి ఇంట్లో దాచుకుంటారు.

డ్రైవరువైపు తలుపు ఒక్కటే మిగిలింది. దానికోసమే నాన్న షెడ్డు వెనక ఉన్న అన్నయ్య పికప్ తలుపు అడిగాడు. అమ్మ షెడ్డువైపు చూసింది. చివరికి, "తీసుకో. కానీ ఉన్నది ఉన్నట్టు ఉంచు," అంది.

నేను అక్కడే ఉన్నాను. విన్నాను. నాన్న తల ఊపాడు. అంతా సవ్యంగానే ఉందనుకున్నాను.

"రాయిస్." లోపల్నుంచి అమ్మ గొంతు వచ్చింది. పొద్దుట్నుంచీ మొదటిసారి.

నాన్న ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. "ఆఁ?"

"ఆ తలుపు అడిగినప్పుడు నేనేం చెప్పాను?"

"ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నావు."

"ఉంచావా?"

"ఉంచాను! ఒక్క పెచ్చు ఊడనివ్వలేదు నాడీన్. సుత్తికి తోలు చుట్టి, లోపల్నుంచి మెల్లగా, వేలితో తట్టినట్టు తట్టాను. బయటినుంచి చూస్తే సుత్తి ముట్టుకున్నట్టే లేదు. రంగు చిట్లకుండా ఇలాంటి పని ఈ జిల్లాలో ఎవడన్నా చేస్తే నేను తొడుగు విప్పేస్తా."

"రంగా?" అంది అమ్మ. "రంగు ఎవరడిగారు?"

మా ఊళ్ళో ఇలాంటి కార్లు కట్టేవాళ్ళు "ఉన్నది ఉన్నట్టు" అంటే ఒకటే అర్థం. పాత రంగు జోలికి పోకు, కొత్త రంగు కొట్టకు, తుప్పు మరకలతో సహా వదిలెయ్ అని. ఆ మాట అన్నాక సొట్టలు తీయడం గురించి ఎవరూ చెప్పరు. తీస్తారనే అనుకుంటారు. అన్నం వండమంటే బియ్యం కడగమని విడిగా చెప్పనట్టు.

అమ్మ పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. ఆ మాట ఇంట్లో వెయ్యిసార్లు విన్నది. అయినా ఆ రోజు తను మామూలు మనుషుల భాషలో మాట్లాడింది. నాన్న గ్యారేజీ భాషలో విన్నాడు.

"సొట్టంటే సొట్టే కదే," అన్నాడు నాన్న మెల్లగా. "సొట్టని ఉంచమంటారని ఎవరనుకుంటారు?"

"తీయకుండా ఉంటే వీడు మా తమ్ముడే కాదు," అంది ఓపల్ అత్త, సాయం చేస్తున్నాననుకుని. "మా నాన్న శవపేటిక మూల సొట్టపడిందని పూడ్చే ముందు సుత్తి అడిగాడు. పాస్టరు ప్రార్థన సగంలో ఆపి వీడి కోసం నిలబడ్డాడు."

"వదినా, నువ్వు కాసేపు ఊరుకో," అంది అమ్మ తలుపు వెనకనుంచి.

"ఊరుకుంటాలే. ఇలా ఎంతసేపు ఊరుకోగలనో నాకే తెలీదు. పక్కింటికి పోయొస్తా." అత్త తువ్వాలు సర్దుకుని వీధి తలుపు వైపు నడిచింది.

నాన్న నావైపు చూశాడు. "ఏం సొట్ట అది? మెర్లా, నీకు తెలుసా?"

నాకు తెలుసు. నాన్నకి తెలీకపోవడమే వింత. ఆ పికప్ తలుపు గడియ సరిగ్గా పడేది కాదు. అన్నయ్య చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి కాదు. అందుకని దిగగానే వెనక్కి తిరిగి, తుంటితో తలుపుని ఒక్క కుదుపు కుదిపేవాడు. ప్రతిసారీ అదే చోట. పదహారో ఏట మొదలుపెట్టాడు. ఏళ్ళు గడిచేసరికి అక్కడ రేకు లోపలికి పోయి, అన్నం గిన్నె అంత గుంట పడింది.

"అన్నయ్య తుంటి," అన్నాను. "అది అన్నయ్య తుంటి పెట్టిన సొట్ట నాన్నా. అమ్మ సాయంత్రాలు షెడ్డు వెనక్కి పోయి దాన్లో చెయ్యి పెట్టుకుని నిలబడేది."

నాన్న చేతి తొడుగుని చూసుకున్నాడు. వేళ్ళు ఒక్కోటీ ముడిచాడు, తెరిచాడు.

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు.

"చెప్తే ఏమనేవాడివి?" అంది అమ్మ లోపల్నుంచి. "పిచ్చిదానివనేవాడివి."

"అనేవాణ్ణి కాదు."

"ఏమనేవాడివి మరి?"

నాన్న చాలాసేపు ఆలోచించాడు. "ఏమీ అనేవాణ్ణి కాదు."

"అదే," అంది అమ్మ. "అదే రాయిస్."

దూరంగా చమురు బావుల పంపులు తలలూపుతూనే ఉన్నాయి. మా ఊళ్ళో ఏం చెప్పినా ఒప్పుకునేవి అవే.

"విల్మాకి ఫోన్ చేశాను," అంది అమ్మ. "వస్తోంది. తలుపు తీసుకుని టులారే పోతున్నా."

విల్మా పిన్ని అమ్మకి చెల్లెలు, టులారేలో ఉంటుంది. ఎవరి ఇంట్లో గొడవైనా, ఫోన్ పెట్టేలోపే కారెక్కే మనిషి. 

"ఎన్నాళ్ళు?" అడిగాను.

"తలుపు లేకపోతే కారు..." అని మొదలుపెట్టాడు నాన్న.

నేను నాన్న కాలిమీద కాలు వేసి తొక్కాను. ఆలస్యమైపోయింది.

"విన్నాను," అంది అమ్మ.

నాన్న గోడ పట్టుకుని లేచాడు. "మళ్ళీ వేస్తాను," అన్నాడు. "సొట్టే కదా. వేస్తాను." వంటింట్లోంచి గ్యారేజీలోకి నడిచాడు. నేను వెనకే వెళ్ళాను.

గ్యారేజీ మధ్యలో కారు నిలబడి ఉంది. అన్ని రంగుల రేకులూ ఒకదాన్నొకటి పట్టుకుని, ఒకటే వంపుగా ముందునుంచి వెనక్కి జారుతున్నాయి. అతుకులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించలేం. డ్రైవరువైపు మాత్రం ఖాళీ. అందంగా నవ్వే మనిషికి ముందుపన్ను ఊడినట్టుంది.

నాన్న మూలనుంచి పికప్ రెండోవైపు తలుపు ఈడ్చుకొచ్చి, బల్లకి బిగించి నిలబెట్టాడు.

"ముందు దీనిమీద చూద్దాం. ఎంత ఎత్తులో ఉండేది?"

చూపించాను. నాన్న ఇసక మూట వెనక పెట్టి, చెక్క సుత్తితో కొట్టాడు. గుంట పడింది. తొడుగు చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో చోట ఇంకోలా కొట్టాడు. మళ్ళీ తల ఊపాడు.

"ఇది సుత్తి సొట్ట. మనిషిది కాదు."

"తేడా తెలుస్తుందా?"

"నీ చెయ్యి పెట్టినా తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు తీశాను మెర్లా. వేయడం ఎప్పుడూ నేర్చుకోలేదు." సుత్తి బల్లమీద పెట్టాడు. "వాడెలా చేసేవాడు? నువ్వు వాణ్ణి వెక్కిరించేదానివి కదా. చేసి చూపించు."

అన్నయ్య నడకని వెక్కిరించడంలో నాకు ఇంట్లో ఎదురు లేదు. థాంక్స్‌గివింగ్ పండగ రోజున చుట్టాలు అడిగి మరీ చేయించుకునేవారు. అన్నయ్య పోయాక ఎవరూ అడగలేదు.

"చేతుల్లో ఏముండేవి?" అన్నాడు నాన్న.

"ఒక చేతిలో కాఫీ. ఇంకో చేతిలో టోపీ. నోట్లో తాళాలు."

నాన్న తన కాఫీ కప్పు నా చేతికిచ్చాడు. టోపీ తీసి రెండో చేతికిచ్చాడు. జేబులోంచి తాళాల గుత్తి తీసి, ఒక్క క్షణం ఆగి, నా నోటికి అందించాడు.

నేను దిగినట్టు దిగాను. అన్నయ్యలా భుజం వంచి తిరిగాను. తుంటితో కుదిపాను.

ధన్.

నాన్న గోడవైపు తిరిగి మేకులకి వేలాడే రెంచీల్ని చూస్తూ నిలబడ్డాడు. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"పడిందా?" తాళాలు కరుచుకునే అడిగాను.

నాన్న తిరిగి వచ్చి చెయ్యి పెట్టాడు. "దోమ కుట్టినంత."

"నేను సన్నం కదా. అత్తని పిలుద్దామా?"

అత్తని పిలవక్కర్లేదు. పక్కింటినుంచి తేలికపడి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "మీరిద్దరూ ఏం చేస్తున్నారో అడగను. అడిగితే పోలీసులకి సాక్ష్యం చెప్పాల్సొస్తుంది. లే పక్కకి."

నడుముమీద చేతులు పెట్టుకుంది. వెనక్కి తిరిగింది. కుదిపింది.

బల్ల అరగజం జరిగింది. గోడమీద రెంచీలు రాలిపడ్డాయి. వీధిలో కుక్కలు లేచాయి. తలుపు మధ్యలో స్నానాలతొట్టి తయారైంది.

ముగ్గురం దాన్ని చూశాం. వేరే ఏడాదైతే పడి పడి నవ్వేవాళ్ళం. నాన్న చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, అంచులన్నీ తిప్పి చూశాడు. ఇది ఆయనకి తెలిసిన మర్యాద.

"ఇది నీది అక్కా," అన్నాడు. "వాడిది కాదు."

"నాకు తెలుసురా," అంది అత్త. "నాకు తెలుసు." ఎందుకో తువ్వాలు తీసి ముఖం మొత్తం తుడుచుకుంది.

నాన్న కొలిమి పక్కనున్న స్టూలుమీద కూర్చున్నాడు. తర్వాత తొడుగు విప్పి మోకాలుమీద పెట్టుకున్నాడు.

"అసలు సంగతి ఒకటుంది," అన్నాడు. "ఆ తలుపు పని సరిగ్గా చేయలేదు నేను."

"ఇందాక జిల్లా మొత్తంమీద నీ అంతటివాడు లేడన్నావ్."

"రంగు వరకే." గొంతు తగ్గించాడు, కారు వింటుందన్నట్టు. "ఒకే చోట అన్నేళ్ళు దెబ్బ పడితే రేకు సాగుతుంది. సొట్ట బయటికి తీసినా ఆ సాగిన రేకు ఎక్కడికి పోతుంది? దాన్ని ఎర్రగా కాల్చి, తడిగుడ్డ పెట్టి, మళ్ళీ బిగిసేలా చెయ్యాలి. కాలిస్తే రంగు మాడిపోతుంది. ఉన్నది ఉన్నట్టు ఉంచమంది కదా. అందుకని కాల్చలేదు."

"కాల్చకపోతే?"

"ఆ చోట వదులుగానే ఉంది. చూట్టానికి నున్నగా ఉంటుంది. అరచేత్తో నొక్కితే లోపలికి పోతుంది. పనితెలిసినవాడెవడైనా ముట్టుకుంటే నా మొహాన ఉమ్ముతాడు."

అత్తా నేనూ ముఖాలు చూసుకున్నాం.

"లోపలికి పోతుందా?" అన్నాను. "అదే చోట?"

"అదే చోట."

"నాన్నా, ఆ మాట అమ్మకి చెప్పు."

"ఎలా చెప్తానే? తువ్వాలు పరిచి బల్లమీద పెట్టి మరీ చూపించాను. చెత్త పని తెచ్చి కానుకన్నానని చెప్పనా?"

"ఒరేయ్," అంది ఓపల్ అత్త. "నీ పెళ్ళాం తలుపుతో సహా టులారే పోతోంది. నీకు పరువు కావాలా?"

నాన్న స్టూలుమీంచి లేవలేదు. నాన్న నిజంగానే ఆలోచిస్తున్నాడు. రెండూ తూకం వేస్తున్నాడు. ఈ ఏడాదంతా ఆయన్ని నిలబెట్టింది ఆ చేతి పని ఒక్కటే. దాన్ని కూడా తప్పని ఒప్పుకుంటే ఇక దేన్ని పట్టుకుని లేవాలి పొద్దున్నే?

వీధిలో కారు హారన్ మోగింది. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. విల్మా పిన్ని హారన్ కూడా తిడుతున్నట్టే ఉంటుంది.

నాన్న లేచాడు. తొడుగు స్టూలుమీదే వదిలేశాడు.

నడవాలో బాత్‌రూము ముందు నిలబడ్డాడు. అరచెయ్యి ఆ తలుపుమీద పెట్టాడు. కొట్టలేదు.

"నాడీన్. నేను తప్పు పని చేశాను."

"ఆ సంగతి తెలుసు."

"అది కాదు. ఇంకోటి. పని సరిగ్గా రాలేదు. అక్కడ రేకు సాగిపోయి ఉంది. నేను బిగించలేదు. బిగించినట్టు ఉంచాను." అరచెయ్యి తలుపుమీద ఇంకాస్త నొక్కాడు. "వాడు కొట్టిందంతా ఇంకా అక్కడే ఉంది. కనపడట్లేదంతే. చెయ్యి పెట్టి నొక్కి చూడు."

బయట విల్మా పిన్ని కారు తలుపు వేసిన చప్పుడు. గుమ్మం మెట్లమీద అడుగుల చప్పుడు.

తర్వాత లోపల్నుంచి, టక్.

చిన్న చప్పుడు. నూనె డబ్బా అడుగు నొక్కినట్టు.

ఓపల్ అత్త నా మోచెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

టక్.

"చెయ్యి తీస్తే పోతోంది," అంది అమ్మ.

"పోతుంది," అన్నాడు నాన్న.

"మళ్ళీ పెడితే వస్తోంది."

"వస్తుంది."

నాన్న నుదురు తలుపుకి ఆనించాడు. ఇంకేదో చెప్పాల్సింది ఉన్నట్టుంది, చెప్పకుండా ఉండిపోతాడేమో అనుకున్నాను. ఎవరు అడిగారు గనక. కానీ నాన్న ఆ రోజు ఒక్కసారి నోరు తెరిచాక మూయడం చేతకాని మనిషిలా ఉన్నాడు.

"ఎల్లకాలం రాదు నాడీన్," అన్నాడు. "అలా లోపలికీ బయటికీ ఆడిస్తూ ఉంటే రేకు అలిసిపోతుంది. ఏదో ఒకరోజు అక్కడే చీలుతుంది."

"ఎన్నిసార్లకి?"

"తెలీదు."

"నీకు తెలీదా? ముప్పై ఏళ్ళు..."

"తెలీదు. ఎవరికీ తెలీదు."

గడియ తీసిన చప్పుడైంది.

అమ్మ గుమ్మంలో నిలబడింది. ఏడ్చిన జాడ లేదు. ముఖం కడుక్కున్న జాడ కూడా లేదు. ఎడమచేత్తో తలుపుని పొట్టకి అదిమి పట్టుకుంది, బరువుకి ఒకవైపు ఒరిగిపోతూ. కుడి అరచెయ్యి నీలం రంగుమీద ఉంది. ఆ అరచేతి కింద రేకు లోపలికి పోయి ఉంది. అన్నం గిన్నె అంత.

"అయితే చెయ్యి తీయను," అంది.

ఇది ఎవరితో అన్నదో తెలీదు. నాన్న ఆ గుంటని చూస్తున్నాడు. మొదటిసారి చూస్తున్నట్టు. నిజానికి మొదటిసారే. అన్నేళ్ళూ అది బాగుచెయ్యాల్సిన చోటుగానే కనపడింది ఆయనకి.

వీధి తలుపు తెరుచుకుంది. "అక్కా!" విల్మా పిన్ని గొంతు ఇంట్లోకి ముందొచ్చింది. "సామాను సర్దుకున్నావా? ఇంజను ఆపలేదు నేను!"

తలుపు కిందికి జారుతోంది. ఒంటిచేత్తో దాన్ని ఎక్కడికీ మోయలేదు. రెండో చెయ్యి తీయలేదు.

"ఎవరన్నా ఆ చివర పట్టుకోండి," అంది.

నేను కదిలేలోపే నాన్న వంగాడు. కింది అంచు రెండు చేతుల్లోకీ తీసుకుని లేపాడు. తొడుగు లేని చేతులు. బరువు తన వైపు వాలేట్టు చూసుకున్నాడు.

ఇద్దరి మధ్యా తలుపు నిలబడింది.

నడవాకి ఒక చివర వంటింటి మీదుగా గ్యారేజీ. రెండో చివర, చేతిలో తాళాలు తిప్పుతూ విల్మా పిన్ని.

"ఎటు?" అని అడిగాడు నాన్న.